విత్తనానికి వదిలిన కాయ

బెండకాయల గుట్ట ముందు కూర్చున్న వాళ్ళందరి చేతులూ ఒకే పని చేస్తుంటాయి. కాయ అందుకుని, కొసను బొటనవేలితో మెల్లగా వంచుతారు. పుటుక్కున విరిగితే సంచిలోకి, విరక్కుండా వంగితే మళ్ళీ గుట్టలోకి. అమ్మే ఆవిడ కూడా అడ్డు చెప్పదు. "ముదురుంటే పక్కన పడేయమ్మా, పశువుకేస్తా" అంటుంది. సాయంత్రానికి లేతవన్నీ వెళ్ళిపోయి, కొసలు నలిగిన ముదురు కాయలు మిగులుతాయి. ఏళ్ల తరబడి నేనూ అలాగే ఏరుకుంటున్నాను. కూర రుచి తెలిసిన చెయ్యి మరోలా ఏరదు. అయినా ఈమధ్య నా చూపు ఆ పక్కన పడేసిన కాయల మీదికే పోతోంది. మనకు అక్కర్లేని ఆ కాయ కోసమే కదా మొక్క ఇంత పాటు పడింది? ఆకు తొడిగి, పసుపు పువ్వు పూసి, పిందె కట్టి, ఆ పిందెలో గింజ గట్టిపడేదాకా నేలలోంచి నీటినీ పైనుంచి ఎండనూ తాగింది దేనికి? లేతగా ఉందని మనం మురిసిపోయే కాయ, మొక్క లెక్కలో ఇంకా సగంలో ఉన్న పని. పనికిరాదని మనం విసిరేసేదే దాని పని పూర్తయిందనడానికి గుర్తు. ఈ సంగతి తెలియక కాదు, ఎప్పుడూ ఇటువైపు నిలబడి చూడలేదు, అంతే.

చూడటం మొదలుపెట్టాక వంటింటి బుట్ట కొత్తగా కనిపిస్తుంది. వంకాయ, బీరకాయ, సొరకాయ, పొట్లకాయ, కాకరకాయ, గోరుచిక్కుడు అన్నీ లేతగా ఉండగానే మన గడప తొక్కుతాయి. పండిన టమాటా, గుమ్మడి, పప్పులోకి వేసే పసుపు దోస లాంటివి కొన్నే నిండు వయసు చూసి వస్తాయి. గింజ పడిందని వంకాయను, పీచు పట్టిందని బీరకాయను తప్పుపడతాం. గింజ పడటం తప్పెప్పుడైంది? పండిన వంకాయ ఎలా ఉంటుందో పట్నంలో పెరిగే పిల్లల్లో ఎందరు చూసి ఉంటారు? ఆ నిగనిగలాడే ఊదారంగు వెలిసిపోయి పసుపు తిరుగుతుంది, ఆ తర్వాత గోధుమరంగులోకి దిగుతుంది. పాదు మీదే ఎండిన బీరకాయ దూదిలా తేలికైపోతుంది, చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల నల్లగింజలు గలగలమంటాయి. ఎండిన బెండకాయ అంచుల వెంట నిలువునా విచ్చుకుంటుంది. కూరగాయల బాల్యం తప్ప మనకు వాటి జీవితంలో మరో దశ తెలియదు. వాటి ముసలితనం సంతకు రాదు. కంటికి కనపడనిది మనసులోంచి కూడా జారిపోతుంది. అలా జారిపోయాకే కాబోలు, విత్తనం ఎక్కణ్ణుంచి వస్తుందని పిల్లలడిగితే కొట్లోంచి అని చెప్పి ఊరుకుంటున్నాం.

మృగశిర కార్తె దగ్గరపడుతోందంటే, అంటే జూన్ మొదటి వారం దాటుతోందంటే, మా హైదరాబాద్ ఇంటి డాబా కోసం నేనొక పటం గీసుకుంటాను. పాత క్యాలెండర్ కాగితం వెనక, పెన్సిలుతో. ముందు ఎండ దారి గుర్తు పెట్టుకోవాలి. కాయ కాసే మొక్కలకు రోజుకు ఆరు గంటల ఎండైనా కావాలి. పిట్టగోడ నీడ పడేచోట తోటకూర, పాలకూర, చుక్కకూర సర్దుకుపోతాయి. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి నడుస్తాడు కనక పందిరి ఉత్తరం వైపున ఉండాలి, లేకపోతే బీరతీగ నీడలో వంగ చిక్కిపోతుంది. తోటకూర గింజ ఆవగింజ కంటే చిన్నది, ఇసుకలో కలిపి చల్లితే గాని సమంగా పడదు. ధనియాన్ని రెండు బద్దలుగా నలిపి వెయ్యాలి. ఇక కాలం లెక్క వేరే ఉంది. ఎండాకాలపు వేడి రాత్రుల్లో టమాటా పూత నిలవదు, రాలిపోతుంది. పాదు చిక్కుడైతే ఆషాఢంలో పెట్టినా శ్రావణంలో పెట్టినా పగలు కురచబడేదాకా పూతకు రాదు. రథసప్తమి నాడు చిక్కుడుకాయలకు పుల్లలు గుచ్చి సూర్యుడికి రథం కట్టడం, చిక్కుడాకులో పరమాన్నం నైవేద్యం పెట్టడం తలుచుకుంటే, పగటి పొడవును కొలుచుకుని పూసే మొక్కను పగటి దేవుడికే సమర్పించిన ఆ పెద్దవాళ్ళ చూపు ఎంత నిశితమో అనిపిస్తుంది. ఇలా గీసుకుంటూ పోతే కాగితం నిండుతుంది. ప్రతి గడిలో ఒక కూర పేరు, దాని పక్కన అది కోతకొచ్చే నెల. తీరా చూస్తే అన్నీ కోసే గడులే. కోయకుండా వదిలేదానికి చోటేదీ?

పటం పక్కనే విత్తనాల ప్యాకెట్లు. వాటి వెనకనున్న అచ్చు మరీ సన్నం, అయినా ఓపిగ్గా చదవాల్సిందే. బెండకు కనీసం 65 శాతం, టమాటాకూ వంగకూ 70 శాతం, బీర సొర లాంటి తీగజాతులకు 60 శాతం మొలక ఉండాలని మన దేశంలో విత్తన ప్రమాణాలు చెబుతున్నాయి. మొలక పరీక్ష చేసిన తేదీ ఉంటుంది, అక్కణ్ణుంచి మామూలుగా తొమ్మిది నెలల గడువు. గింజలకు గులాబీరంగో నీలంరంగో పూసి ఉంటే శిలీంద్రనాశిని పట్టించారని అర్థం, పసిపిల్లల చేతికి అందనివ్వకూడదు. కొన్నిటి మీద ఎఫ్-1 అని ఉంటుంది. రెండు వేర్వేరు వంశాలను జతచేసి తీసిన తొలితరం సంకర విత్తనం అది. ఏపుగా పెరుగుతుంది, కాయలన్నీ ఒక్క తీరుగా ఉంటాయి. దాని కాయలోంచి గింజ తీసి మళ్ళీ వేస్తే మాత్రం ఆ ఏపూ ఆ తీరూ నిలవవు, పిల్లలు తలా ఒక రకంగా పుడతారు. అందుకే ఏటేటా కొనాలి. ఆ ప్యాకెట్టును చేతిలో పట్టుకున్నప్పుడల్లా నాకు తోచేది ఒకటే. ఇందులో పంట ఉంది, పై ఏడు లేదు.

మా నాయనమ్మకు ఈ అచ్చు చదివే అవసరం రాలేదు. తెనాలి దగ్గర పల్లెటూళ్ళో, ఇంటి వెనక దొడ్లో ఆమె పెట్టిన పాదులు దడి మీదికీ, పశువుల పాక మీదికీ పాకేవి. తొలి కాయలు ఇంట్లోకీ ఇరుగుపొరుగుకీ వెళ్ళాక, తీగ ఇంకా మంచి బలం మీద ఉండగానే, పురుగు తాకకుండా, వంకర లేకుండా, ఏపుగా దిగుతున్న కాయ ఒకటి చూసుకుని దాని తొడిమకు పాతచీర పీలిక కట్టేది. "ముట్టుకోకే, విత్తనానికి వదిలాను" అనేది నాతో. అంతే, ఆ కాయ జోలికి ఎవరూ పోయేవారు కాదు. పొద్దుగూకి చుట్టాలొచ్చినా, పప్పులోకి వెయ్యడానికి మరో కూర లేకపోయినా సరే. ఎండిన సొరకాయ వంటింటి వాసానికి వేలాడేది. గుమ్మడి, దోస గింజల్ని పేడలో అద్ది గోడకు కొట్టేది. వంగ, మిరప గింజల్ని జల్లించిన బూడిదలో కలిపి కుండలో పోసి, మూతికి గుడ్డ కట్టి, పొయ్యి పొగ తగిలే అటక మీద పెట్టేది. చాలా ఏళ్ల తర్వాత విత్తనశాస్త్రవేత్త హారింగ్టన్ చెప్పిన సూత్రం చదివాను. గింజలో తేమ ఒక శాతం తగ్గిన కొద్దీ దాని ఆయుష్షు రెట్టింపవుతుందట. బూడిద తేమ పీలుస్తుంది, పురుగును దరి చేరనివ్వదు. పొయ్యి పైనున్న అటక ఇంట్లో అన్నిటికంటే పొడిగా ఉండే చోటు. ఆమె చేసినదానికి ఒక లెక్క ఉందని తెలిశాక కలిగిన గౌరవం, ఆమె బతికుండగా చూపించగలిగిన గౌరవం కంటే పెద్దది.

కానీ ఇన్నాళ్ళకు నాకు ఆశ్చర్యంగా తోస్తున్నది ఆ కుండా బూడిదా కావు, ఆ పీలిక కట్టిన సమయం. తీగ మంచి కాపు మీదున్నప్పుడే ఎందుకు? కాపంతా అయ్యాక చివర్న మిగిలిన కాయను వదిలేస్తే సరిపోదా? ఇక్కడే మొక్క స్వభావం గురించి ఒక మాట చెప్పుకోవాలి. బెండగానీ బీరగానీ లేతగా కోసిన కొద్దీ మళ్ళీ పూస్తుంది, ఎందుకంటే దాని పని పూర్తికానే లేదు. ఒక్క కాయనైనా ముదరనిస్తే బలమంతా ఆ గింజల్లోకి మళ్ళి కొత్త పూత మందగిస్తుంది. అంటే విత్తనపు కాయకు మనం చెల్లించే వెల ఆ ఒక్క కాయే కాదు, అది ఆపేసిన మరికొన్ని కాయలు కూడా. నాలుగు కుండీల తోటలో అది చిన్న వెలేం కాదు. ఆ వెలకు వెనకాడి చివరిదాకా కోసుకుంటూ పోతామనుకోండి, ఆఖరున మిగిలేది ఏ కాయ? ఆకుల చాటున మన కంటబడనిది. బలం ఉడిగిన తీగకు, తెగులు సోకిన రోజుల్లో కాసినది. దాని గింజ దాచుకుంటే మనం ఏరి కూర్చుకుంటున్న గుణం ఏమిటి? దాక్కోవడం, ఆలస్యంగా కాయడం. కోరి ఎంచుకోకపోయినా ఎంపిక జరిగిపోతూనే ఉంటుంది. నాయనమ్మ చేసింది దీనికి పూర్తిగా తలకిందులు. మేలైనదాన్ని ముందే పక్కన పెట్టి, ఆ తర్వాతిది వండింది. ఇంటికి రెండోరకం, విత్తనానికి మొదటిరకం. పేదరికం తెలిసిన ఇంట్లో ఆ వరసను తప్పకుండా పాటించడానికి ఎంత నిగ్రహం కావాలి!

ఇలా అనుకుంటున్నప్పుడే లోపల ఒక ఎదురుప్రశ్న లేస్తుంది. ఇదంతా పాతకాలపు మమకారమేనా? అప్పు తెచ్చి సాగుచేసే రైతు సంకర విత్తనం కొంటున్నాడంటే అతనికి కారణాలున్నాయి. తెల్లదోమ మోసుకొచ్చే పల్లాకు తెగులు సోకిన బెండతోటను చూసినవాళ్ళెవరూ నాటువిత్తనమే మేలని తేలిగ్గా అనలేరు. ఆకు ఈనెలు పసుపెక్కి, కాయ పాలిపోయి, తోట తోటంతా కళ తప్పుతుంది. ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధన సంస్థ తెచ్చిన పూసా సావని బెండ మొదట్లో ఆ తెగులును తట్టుకుంది, కాలం గడిచాక తట్టుకోలేకపోయింది. తర్వాత బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు బెండకు అడవి చుట్టంతో జత కలిపి, తరాల తరబడి ఏరి, అర్క అనామిక అనే రకం తీశారు. ఈ కథలో నన్ను పట్టి ఉంచేవి రెండు. ఒకటి, ఏ విత్తనం బలమూ శాశ్వతం కాదు, తెగులు కూడా నేర్చుకుంటూ ఉంటుంది. రెండు, ఆపదలో ఆదుకున్నది మనం కూర వండుకోని ఒక అడవిమొక్క. ఇక అర్క అనామిక సూటిరకం, ఎఫ్-1 కాదు. దాని గింజ దాచుకుని మళ్ళీ వేసుకోవచ్చు. అంటే శాస్త్రం ఒక వైపు, నాయనమ్మ ఒక వైపు అని గీత గీయడం కుదరదు. ప్యాకెట్టు కొనేటప్పుడు సూటిరకమా సంకరమా అని అడిగి కొంటే చాలు, ఇద్దరి మాటా నిలబెట్టినట్టే. మరీ అవసరమైతే ఒక కుండీలో సంకర టమాటా వేసుకోవచ్చు, దాని పక్క కుండీ మాత్రం సూటిరకానిదై ఉండాలి.

తినగలిగినదాన్ని తినకుండా విత్తనానికి వదలడం ఎంతదాకా వెళ్ళగలదని ఆలోచిస్తే నా మనసు లెనిన్‌గ్రాడ్ దగ్గర ఆగుతుంది. సోవియట్ శాస్త్రవేత్త నికొలాయ్ వావిలోవ్ దేశదేశాలు తిరిగి పంటల విత్తనాలు పోగుచేసి అక్కడి సంస్థలో భద్రపరిచాడు. 1941 సెప్టెంబరు నుంచి 1944 జనవరి దాకా జర్మన్ సేనలు ఆ నగరాన్ని దిగ్బంధించాయి. లక్షల మంది ఆకలితో చనిపోయారు. ఆ సంస్థలో వరి ఉంది, గోధుమ ఉంది, వేరుశనగ ఉంది, చిక్కుళ్ళున్నాయి. వాటిని కాపలా కాసినవాళ్ళు వాటిని తినలేదు. వేరుశనగలను చూసే అలెగ్జాండర్ ష్చూకిన్ తన బల్ల దగ్గరే కన్నుమూశాడు. వరి విభాగం చూసే దిమిత్రి ఇవనోవ్ వేలకొద్దీ వరి పొట్లాల మధ్య ఆకలితో పోయాడు. ఆ సమయానికి వావిలోవ్ తన దేశపు జైల్లోనే ఉన్నాడు, 1943 జనవరిలో సరాతోవ్ జైలులో తిండిలేక చిక్కి చనిపోయాడు. ఆ త్యాగం పక్కన నా డాబా తోటను నిలబెట్టే సాహసం నేను చెయ్యను. కానీ ఒక్కటి అడగాలనిపిస్తుంది. రేపటి మనిషి ఆకలి ఇవాళ్టి తన ఆకలి కంటే పెద్దదని నమ్మడం ఒక మనిషికి ఎలా సాధ్యమైంది? ఆ నమ్మకం ప్రయోగశాలలో ఒక్కరోజులో పుట్టేది కాదు. పంట పండించే జాతులన్నీ పీలిక కట్టిన కాయల దగ్గర తరతరాలుగా దాన్ని సాధన చేస్తూ వచ్చాయి.

అంత దూరం పోనక్కర్లేదు. సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ పల్లెల్లో, పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు జొన్న, కొర్ర, సామ, కంది లాంటి పాత పంటల విత్తనాలను ఇళ్లలోనే కాపాడుతున్నాయి. వాళ్ళలో ఎక్కువమంది దళిత స్త్రీలు, చిన్నకమతాల రైతులు. బుట్టల్లో బూడిద, వేపాకు వేసి, పైన మట్టితో అలికి గింజ దాస్తారు. ఏటా సంక్రాంతి వేళ పాత పంటల జాతర చేసి, ఆ విత్తనాలను ఎడ్లబళ్ళ మీద ఊరూరా ఊరేగిస్తారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ పురస్కారం ఆ సంస్థకు దక్కింది. నన్ను కదిలించేది పురస్కారం కంటే వాళ్ళు పెట్టుకున్న పద్ధతి. విత్తనం అప్పు తీసుకున్నవాళ్ళు పంటొచ్చాక విత్తనంగానే తీరుస్తారు. డబ్బు మధ్యలోకి రాదు. 2001 నాటి మొక్కల వంగడాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం కూడా రైతు తన విత్తనాన్ని దాచుకోవచ్చని, మార్చుకోవచ్చని, పంచుకోవచ్చని, బ్రాండు పేరు వెయ్యకుండా అమ్ముకోవచ్చని ఒప్పుకుంది. హక్కు చట్టంలో ఉంది. దాన్ని వాడుకునే అలవాటే మన ఇళ్లలోంచి తగ్గిపోతోంది.

ఇంతకీ ఒక్క డాబా ఒక విత్తనాన్ని నిలపగలదా? ఈ సందేహం చిన్నది కాదు. టమాటా, చిక్కుడు, బొబ్బర్లు చాలావరకు తమ పూవులో తామే ఫలదీకరణ చెందుతాయి, వాటితో చిక్కు లేదు. బెండ, వంగ కూడా ఎక్కువగా అంతే, అయితే తేనెటీగ అప్పుడప్పుడూ పక్కింటి పుప్పొడి తెచ్చి కలుపుతుంది. తీగజాతుల్లో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు, కలిపేది పురుగే. పురుగుకు పిట్టగోడలు తెలియవు. పసుపు దోసకు ఖర్బూజ దగ్గరి చుట్టం, దగ్గర్లో ఉంటే రెండూ కలిసిపోతాయి. కీర దోసతో మాత్రం కలవదు. అందుకని బీర విత్తనం ఒకే రకంగా నిలుపుకోవాలంటే సాయంత్రం పూట చిన్న పని ఉంటుంది. బీరపువ్వు పొద్దువాలే వేళ విచ్చుకుంటుంది. మధ్యాహ్నమే మగమొగ్గనూ ఆడమొగ్గనూ దారంతో వదులుగా కట్టి ఉంచి, విచ్చుకునే వేళకు విప్పి, మగపువ్వును ఆడపువ్వుకు తాకించి, మళ్ళీ కట్టెయ్యాలి. మసక వెలుతురులో ఆ పసుపు పువ్వుల దగ్గర నిలబడటం నాకు పూజ లాంటి పని. ఇంత చేసినా మరో పరిమితి మిగులుతుంది. ఒకే మొక్క నుంచి తరం తర్వాత తరం గింజ తీస్తుంటే ఆ వంశంలో వైవిధ్యం సన్నబడుతుంది. నాలుగు మొక్కల గింజ కలవాలి, నాలుగిళ్ల గింజ కలిస్తే మరీ మంచిది. నాయనమ్మ దాచిన గింజల్లో సగం పైగా ఎందుకు పంచేదో ఇప్పుడు అర్థమవుతోంది. ఆమె దాతృత్వం నిజమే, దానితోపాటు అది ఆమె విత్తనానికి రక్షణ కూడా. మన తోటలో ఏ తెగులో వచ్చి అంతా పోయినా, పక్కవీధిలో మన సొరపాదు బతికే ఉంటుంది. ఒక ఇల్లు పంటను పండించగలదు. విత్తనాన్ని నిలపాలంటే వీధి కావాలి.

అందుకే ఈసారి పటం గీసే క్రమం మార్చుకున్నాను. మొదటి గడి విత్తనపు మొక్కది. దాని చోటు మూలన కాదు, మెట్లెక్కి రాగానే అందరి కంటా పడేచోట, ఎండ బాగా తగిలేచోట. ఆ తర్వాతే కూరలకు గడులు. ఏ విత్తనం కొనాలన్న ప్రశ్నకు కూడా దీనివల్ల జవాబు తేలికైంది. మా ఇంట్లో ఇష్టంగా తినేది, మా ఎండకు తట్టుకునేది, సూటిరకమైనది. ఈ మూడూ కుదిరితే ముందు దానికే చోటు. ఉల్లి గింజ ఏడాది దాటితే మొలక తగ్గిపోతుంది, దాన్ని దాచే ప్రయత్నం వద్దు. టమాటా, దోస, సొర గింజలు బాగా ఆరబెట్టి దాస్తే మూడు నాలుగేళ్లు నిలుస్తాయి, కొత్తవాళ్ళు వాటితో మొదలుపెట్టడం మంచిది. దాచిన గింజలో జీవం ఉందో లేదో తెలుసుకోవడానికి పది గింజలు తడిగుడ్డలో చుట్టి పెట్టి, ఎన్ని మొలిచాయో చూస్తే చాలు.

మీకు డాబా ఉన్నా, బాల్కనీలో రెండు కుండీలే ఉన్నా, చదువుతున్న మీతో నా మనవి ఒక్కటే. ఈ తొలకరికి ఏదైనా ఒక సూటిరకం వెయ్యండి. అది మంచి కాపు మీదున్నప్పుడే అన్నిటికంటే మేలైన కాయకు ఒక పీలిక కట్టి వదిలెయ్యండి. పిల్లలు ఎందుకని అడుగుతారు, చెప్పండి. గింజ చేతికొచ్చాక పొట్లం మీద రకం పేరు, నెల, సంవత్సరం రాసి, సగం మీరుంచుకుని సగం పంచండి. ఒక్క సొరకాయలోని గింజలు వీధి మొత్తానికి సరిపోతాయి.